పుత్తూరు కట్టు

మా చెల్లెలు మునిరేవతి పాడతాదని
గిరింపేటలో అందరికీ తెలుసు.
ఎట్లా పాడతాదని అడిగితే మాత్రం
ఒక్కొక్కరూ ఒక్కో పేరు చెప్తారు,
దాని పేరు తప్ప.

పదిలో ఉన్నప్పుడు సినిమాల్లో పాడే ఆమె గొంతు.
ఇంటర్లో, ఫోన్లో దొరికిన కొరియా పిల్ల గొంతు.
తిరుపతిలో సంగీతం కాలేజీకి పోయిన రెండేండ్లూ
పంతులమ్మ గొంతే,
మధ్యలో వచ్చే దగ్గుతో సహా.

కంతుల మీద తెప్పించుకుంది యుకులేలే.
నాలుగు తీగలు, చంటిబిడ్డంత చెక్క.
హవాయి అనే దీవుల్లో వాయిస్తారంట.
"సముద్రం మొగమే చూడని దానివి,
నీకెందుకుమే దీవుల వాయిద్యం?" అన్నాను.
"మిరపకాయ గూడా సముద్రం దాటొచ్చిందేనంటక్కా.
ఊరిబిండి నూరేటప్పుడు నువ్వెప్పుడన్నా అడిగినావా?"

జూన్ నెల. గుజ్జు ఫ్యాక్టరీ ముందర
మైలు పొడుగు తోతాపురి ట్రాక్టర్లు.
చక్రాల కింద నలిగిన కాయల రసంలో
నాకు సద్ది తెస్తా తెస్తా స్కూటీ జారింది.
క్యారియర్ మూత యాడికో దొర్లిపోయింది.
కుడిచేతి మణికట్టు ఇంకో దిక్కుకు తిరిగింది.

పుత్తూరు బస్సులో నా ఒళ్ళో ఆ చెయ్యి.
ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, పాతగుడ్డ.
"ఎముక అతుక్కుంటాది పాపా,
మునుపటి మాదిరే అని మాత్రం చెప్పలేను"
అన్నాడు కట్టు కట్టే ఆయన,
డబ్బులు లెక్కబెట్టకుండానే జేబులో వేసుకుంటా.

నలభై దినాలు
వాయిద్యం గోడకు, చెయ్యి మెడకు.
ఇంట్లో ఒక్కతే ఉండలేక
రాత్రి షిఫ్టుకు నా వెంట వచ్చి
బెల్టు పక్కన డ్రమ్ము మీద కూర్చునేది.
సూపర్వైజరు చూసీ చూడనట్టు పొయ్యేవాడు.
అది నా చేతుల్నే చూసేది.
మంచికాయ, మంచికాయ, పుచ్చు.
మంచికాయ, పుచ్చు.
మంచికాయ, మంచికాయ, మంచికాయ...
ఏరేవాళ్ళకు తాళం ఉండదు,
కాయే చెప్పాల.

కట్టు ఇప్పినాక చెయ్యి కిందికి వాలలేదు.
తీగల మీద పైకి మాత్రమే పోతాది.
కింది దెబ్బ పడాల్సిన చోట ఖాళీ.
ఆ ఖాళీలో ఊపిరి పీల్చుకుని పాడింది,
మేడమీద, ఆరుమంది ముందర,
ఆరబెట్టిన వడియాల పక్కన:
మా అక్క జుట్టులో మామిడి వాసన
ఎంత సీకాయ రుద్దినా పోలేదని.

నాకు తలెత్తాలంటే సిగ్గయింది.
పక్కింటి పొన్నమ్మాళ్
ఇది ఎవరి పాట అని అరవంలో అడిగింది.
ఈ సారి ఎవరూ పేరు చెప్పలేకపోయినారు.

పెండ్లి ఆర్కెస్ట్రా ఆయన వచ్చి విన్నాడు.
"గొంతు బాగుండాది,
ఆ కుంటితాళం ఒక్కటి సరిచేసుకో."
"సరిచెయ్యాలంటే మళ్ళీ ఇరగ్గొట్టాల సార్" అనింది.
ఆ నెల పెండ్లిండ్లన్నీ పోయినాయి, ఆరువేలు.
యుకులేలే కంతులు ఇంకా రెండుండాయి.

నిన్న రాత్రి రెండు గంటలప్పుడు
బెల్టు ముందర నిలబడిన నా చేతులు
ఎప్పుడు అందుకున్నాయో ఏమో,
పైకి, పైకి, ఖాళీ.
ఆ ఖాళీలో ఒక కాయ దాటిపోయింది.

"ఏమ్మే, ఏం వదిలేసినావు?" అని అరిచినాడు సూపర్వైజరు.

మంచిదో పుచ్చుదో
నేను చూడలేదు.