ఏం కాదులే

బోరబండలో వాల్వులు తిప్పుతాడు బాలనర్సు.
భుజాన నిలువెత్తు ఇనప రాడ్డు,
జేబులో బస్తీల టైముల చీటీ.
రాత్రి పదకొండుకి సైట్-త్రీ లైను బంద్ చేసి ఇంటికొస్తాడు,
చెప్పులు విప్పకముందే మళ్ళీ వెళ్తాడు.
పద్నాలుగు సార్లు.
లెక్క చెప్పింది అతని భార్య ఎల్లవ్వ,
రెండు చేతుల వేళ్ళూ అయిపోయాక
మళ్ళీ చిటికెన వేలు నుంచి.

"నేను బంద్ జేసిన్నా మేడం?
మీరే జెర చెప్పుండ్రి."

ఎర్రగడ్డలో నా గది. ఫ్యాను తిరిగితే
టేబుల్ మీది మార్గదర్శకాల పేజీలు లేస్తాయి,
స్టేప్లర్ బరువు పెడతాను.
నలభై ఒకటో పేజీ: భరోసా ఇవ్వకండి.

భరోసా ఇవ్వకూడదట.
నేను పుట్టిన ఇంట్లో పిల్ల పడితే, పాలు పొంగితే,
పరీక్ష తప్పితే, శవం లేచిన సాయంత్రం కూడా
ఒకటే మాట: ఏం కాదులే.
నాలుక కింద ఉప్పు ఉసిరి ముక్కలా
ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది.
మొదటి మూడు వారాలు ఇచ్చాను కూడా, దొంగతనంగా,
అతను తలుపు దాటేటప్పుడు.
మెట్లు దిగేలోపే కరిగిపోయేది.
మరుసటి వారం రెండు అడిగేవాడు.

సబీహా మేడం నా నోట్సు చూసి పెన్సిలుతో రాసింది:
ఈ ఓదార్పు ఎవరి నిద్ర కోసం?

ఆ రాత్రి పేజీ అడుగున సన్నక్షరాలు చదివాను.
ఎక్కడో ఎవరో చీటీలు తీశారు.
కొందరికి చికిత్స వచ్చింది,
కొందరికి వరస మాత్రమే వచ్చింది.
చేతులు కడుక్కుంటూ, తాళాలు లాగి చూస్తూ
పన్నెండు వారాలు ఆగిన వాళ్ళు.
పేర్లు లేవు, సంఖ్య ఉంది.
వాళ్ళకి ఏమీ అందకపోవడమే
ఈ ఒక్క వాక్యానికి సాక్ష్యం.
నా మంచితనం కంటే
వాళ్ళ ఎదురుచూపు ఎక్కువ చూసింది.

అయితే ఆ పుస్తకానికి బోరబండ తెలీదు.
నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయని తెలీదు,
వాల్వు నిజంగానే తెరిచి ఉంటే
పై బస్తీలో బిందెలు తెల్లారేదాకా వరసలో కూర్చుంటాయనీ,
తిట్లు ఇతని పేరుతోనే మొదలవుతాయనీ.
భయాన్ని సున్నా నుంచి వంద దాకా కొలవమంది.
బాలనర్సు నవ్వాడు. "వంద రూపాయల్నా?"
అప్పుడడిగాను: ప్రెజర్ ఎంతుంది?
గోడ మీద గేజు ఉన్నట్టు నా తల పైకి చూసి
"ఎనిమిది. పైపు పల్గుతది" అన్నాడు.
ఆ మాట మార్జిన్లో రాసుకున్నాను.

శుక్రవారం రాత్రి. కల్లు కాంపౌండ్ ఎదుట వాల్వు గుంత.
ఒక్కసారే తిప్పాడు. మూత వేశాడు.
బస్టాపు బెంచీ మీద కూర్చున్నాం, వీపు అటు తిప్పి.
"అయిందా మేడం?"
నేను మాట్లాడలేదు.
ఉసిరి ముక్క మింగాను.
తొమ్మిది అన్నాడు. ఇంకా తొమ్మిదే అన్నాడు.
ఇరానీ హోటల్ షట్టర్ సగం దించారు,
కుక్క ఒకటి వచ్చి ఎల్లవ్వ కొంగు వాసన చూసి పోయింది.
ఏడు.
అతని చెప్పు కాలి నుంచి జారి, మళ్ళీ కాల్లోకి, మళ్ళీ జారి.
చాలాసేపటికి ఆరు.
"ఇంకా పోతలేదు" అన్నాడు, నా మీద కోపంగా.
ఔను, పోలేదు, అన్నాను.
అంతకంటే నిజం నా దగ్గర లేదు.

నాలుగు దగ్గర ఇంటికి వెళ్ళాడు.

ఫైల్లో రాశాను: పద్నాలుగు నుంచి మూడు.
ఎల్లవ్వ ఒక్క చేత్తోనే చూపించింది.
మధ్యలో ఒక వారం తొమ్మిది అయింది, అదీ రాశాను.

మొన్న మోతీనగర్లో, మా ఇంట్లో,
తెల్లవారు నాలుగున్నరకి నల్లా ముందు గాలి ఊదింది,
దగ్గింది, ఎర్రగా ఒక గుక్క కక్కి
తర్వాత తేట నీళ్ళు.
అది అతని లైనో కాదో కనుక్కోలేదు.
బకెట్టు పెట్టాను.