ఉప్పు గీత

పరీక్షలైన మర్నాడు
బరంపురం నుంచి షేర్ ఆటోలో గోపాల్‌పూర్.
నలుగురం, ఒక పనసపండు.
చాకు మర్చిపోయాం.

ఉగ్యెన్‌ది భూటాన్.
సముద్రాన్ని చూడ్డం ఇదే మొదలు.
బూట్లతోనే నిలబడిపోయాడు.
చాలాసేపటికి అడిగాడు:
"రాత్రిళ్ళు కూడా ఇంతేనా?"

లిపిక నవ్వి నవ్వి ఇసకలో కూలబడింది.
జువేనాది దారెస్సలాం.
తన సముద్రాన్నే వెనకవైపు నుంచి
చూస్తున్నట్టుందంది.

వల అల్లుతున్న ముసలమ్మని
ఏడాదిగా నేర్చుకున్న ఒడియాలో
చాకు అడిగాడు ఉగ్యెన్.
ఆవిడ అతన్ని వదిలేసి నావైపు తిరిగింది.
"ఆకలేస్తందేటి ఈ బావుకి?"

నేను నోరు తెరవకముందే
ఎలా పోల్చుకుందో.
రెండేళ్ళుగా ఫోన్లో తప్ప పలకని నా భాష
చేపల వాసనేస్తూ ఎదురొచ్చింది.
"ఆకలేనమ్మా" అన్నాను,
ఇంకేం తోచక.

చాకిచ్చి, నాలుగు తొనలు పుచ్చుకుంది.

తర్వాత ఏమీ చెయ్యలేదు.
బంక చేతులతో పడుకున్నాం.
పడవ నీడ జరిగినకొద్దీ
మేమూ జరిగాం.

వారమైంది. మా గది కిటికీలో ఉగ్యెన్ బూట్లు.
తోలు మీద తెల్లటి ఉప్పు గీత.
తుడవనివ్వడు.
వాళ్ళ ఊళ్ళో
కొండ మీద మంచు ఎందాకా దిగిందో
పొద్దున్నే లేచి ఇలాగే చూస్తారట.