నూరు కోట్ల ఏడు

కాచిగూడ స్టేషన్ సైకిల్ స్టాండ్‌ల
రాత్రి పదికి నా డ్యూటీ.
ఆఖరి లోకల్ పోయినంక
దోమలు, నేను, లెక్కలు.

కోఠీల ఎమ్మెస్సీ చదివే ఆఫ్రీన్
స్కూటీ పెట్టి టోకెన్ తీసుకుంట అన్నది ఒకనాడు:
"పెంటయ్య చాచా, నూరు కోట్ల ఏడును
పగలగొట్టి చూపియ్యి."

మూడుతోని కొట్టిన, రెండు మిగిలింది.
అయిదుతోని, మల్ల రెండే.
ఏడుకు ఆరు, పదకొండుకు ఆరు,
పదమూడుకు గూడ ఆరే.
ఓహో, మొండిదే.

ముప్పై ఒక్క వేల ఆరు వందల ఇరవై రెండు దాంక
ఎన్ని ప్రధాన సంఖ్యలున్నయో అన్నిటితోని భాగించాలె.
మూడు వేల నాలుగు వందల ఒకటి.
రోజుకు పది చొప్పున,
పాత రసీదు బుక్కుల ఎనకదిక్కు.
వానలకు మోరీ పొంగి స్టాండ్‌లకు నీళ్ళొచ్చిన రాత్రి
జనం బండ్లకంటె ముందు
బుక్కులే ఎత్తి రేకుల సందున దాసిన.
(సూపర్‌వైజర్‌కు చెప్పకుండ్రి.)

చాయ్ గౌస్ అడిగిండు:
"జీతమేమన్న పెరుగుతదా దీంతోని?"
"పెరగది."
"మరి?"
చాయ్ సల్లారుతున్నదని చెప్పిన.

మూడు వందల నలభై రాత్రులు గడిస్తె
ఇంకొక్కటి మిగిలింది.
ఆ మర్నాటి రాత్రి దాన్నీ పట్టిన:
ముప్పై ఒక్క వేల ఆరు వందల ఏడు.
శేషం, పదిహేడు వేల ఏడు వందల నలభై ఒకటి.
పెన్ను కింద పెట్టిన.
తనకూ, ఒకటికీ తప్ప
ఎవ్వని వాటాకూ రాదది.

ఫోన్‌ల ఒక్క సెకను పని అని
ఆఫ్రీన్ అనొచ్చు, అనలే.
బుక్కులన్ని తిప్పి తిప్పి చూసి
"దీనికి కవల ఉన్నది చాచా, నూరు కోట్ల తొమ్మిది"
అని రైలుకు ఉరికింది.

మరి నడుమ నిలబడ్డ ఎనిమిది సంగతేంది?
అటొక మొండోడు, ఇటొక మొండోడు,
ఇదెట్లుంటదో అనుకున్న.
సుత్తె ఎత్తకముందే పగిలింది.
ఏడు, ఎనిమిది, తొమ్మిది వరుసగ రాలినయి.
ఎనక రెండు నూట తొమ్మిదులు,
ఒక నూట అరవై ఏడు.

తలెత్తి గోడకున్న మేకుల దిక్కు చూసిన.
నూట తొమ్మిది బిళ్ళలు రెండు,
బండిదొకటి, మనిషిదొకటి,
పొద్దుగూకంగనే కలిసి జంటగ ఏలాడుతున్నయి.
నూట అరవై ఏడు మేకు ఖాళీ.
ఒక బిళ్ళ మూలకున్న అట్లాస్ సైకిల్ హ్యాండిల్‌కు,
రెండోది పోయినేడు ఎవని జేబులనో
మన్మాడ్ దిక్కు పోయింది. రాలే.

నూట అరవై ఏడు గూడ ప్రధానమే మరి.

సీటు దుమ్ము తుడిసిన. రెండు చక్రాలకు గాలి కొట్టిన.
కొత్త బుక్కు ఎనకకు తిప్పి రాసిన:
నూరు కోట్ల తొమ్మిది.
మూడుతోని, ఒకటి మిగిలింది.