ఏడు సీసాల నలుపు

ఓస్ట్రావాలో గనులు మూతపడ్డాక
ఈ వీధిలో నలుపు కొనేదాన్ని నేనొక్కదాన్నే.
పోస్టులో వస్తుంది, మందుసీసాలంత సీసాల్లో.

ప్రింటర్ పాతది. దాని చేత రంగులన్నీ కక్కించేశాను.
పసుపు ఉండే గదిలో ఇప్పుడు మసక,
నీలం చోట మునిమాపు,
గులాబీ చోట చిమ్మచీకటికి ఒక మెట్టు ఇవతలిది.
ఏడు సీసాలు. ఏడింట్లోనూ బొగ్గే,
ఎంత పలచన, ఎంత చిక్కన, అంతే తేడా.

పొద్దున్నే మొదటి పని గీతల కాగితం.
ఒక్క గీత తెగిందంటే ఎక్కడో ముక్కు పట్టేసిందన్నమాట.
జలుబు చేసిన పసిదానికి తుడిచినట్టు
తడిగుడ్డతో తుడిచి, బతిమాలి, తిట్టి,
మళ్లీ గీతలు.
ఇవాళ నాలుగోసారికి దారికొచ్చింది.

వ్లాస్తిమిల్ గారు బిస్కెట్ డబ్బాలో నెగటివ్‌లు తెచ్చారు.
గనిలోకి కెమెరా దించనిచ్చేవారు కాదట,
నిప్పురవ్వ ఒక్కటి చాలు, గాలే అంటుకుంటుంది.
అందుకని అన్నీ పైన, బట్టలు మార్చుకునే హాల్లో తీసినవే.
కప్పు నుంచి గొలుసులకు వేలాడే
చొక్కాలు, కోట్లు, జతలుజతలుగా బూట్లు.
మనుషులు కిందికి దిగితే
వాళ్ల బట్టలు పైకెక్కేవి.

మొదటి ప్రింటు కిటికీ దగ్గర పట్టుకుని
"ఇది టీ" అన్నారు.
నిజమే. బొగ్గును దాని మానాన వదిలేస్తే
గోధుమరంగులోకి జారుతుంది.
రెండు సీసాల్లో చిటికెడు నీలం కలిపాను.

రెండోదానికి ముందు మెట్ల పట్టీ కొట్టాను,
తెలుపు నుంచి నలుపు దాకా ఇరవై ఒక్క మెట్లు.
చివరి మూడూ ఒకే గోతిలో పడి ఉన్నాయి.
సిరా తగ్గించాను.
ఎక్కువ పోస్తే నలుపు పెరగదు,
కాగితం తాగలేక ఉబ్బుతుంది.
ఈ సంగతి తెలియడానికి నాకు రెండు శీతాకాలాలూ
ఒక పెట్టెడు నూలు కాగితమూ పట్టాయి.

మూడోది రాత్రంతా ఆరబెట్టాను.
తడి మీద చూసినదాన్ని నమ్మను.

పొద్దున ఆయన వచ్చేసరికి
స్తంభం వెనక చీకటి విడిపోయి ఉంది:
ఇటుకలు, ఇటుకల మధ్య సున్నం,
గోడకు చేరబడి, మోకాళ్లలో తల పెట్టుకుని
ఒక మనిషి.

పూర్వం మందులషాపు వాడు కడిగిచ్చిన ప్రింట్లో
అక్కడ మసి తప్ప ఏమీ లేదు.
నలభై ఏళ్లు ఆ మసే గోడకు తగిలించుకున్నారు.

"వెండెలీన్" అన్నారు, చాలాసేపటికి.
ఆ రోజు డ్యూటీకి రాలేదని రాశారట.
ఒక రోజు కూలి కోసేశారట.
"వచ్చాననే అన్నాడు. అందరి ముందూ అన్నాడు."
కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని
"రాసింది నేను."

బేరం కుదిరిన రోజున గొప్పగా చెప్పాను ఆయనకు,
ఈ సిరా వందేళ్లయినా వెలవదని.

"ఆ మూల కొంచెం ముదురు చేయొచ్చా?
మళ్లీ ఎప్పటిలా?"

చేయొచ్చన్నాను. అబద్ధం ఎందుకు, నిమిషం పని.
ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టారు.
కూర్చున్నారు.
ఎవరూ ఏమీ చెప్పకుండానే ప్రింటర్
ముక్కులు ఎండిపోకుండా
తనంతట తాను ఒకసారి గురగురమంది.