అసలుకు నకలు

గుంటూరు కోర్టు రికార్డు గదిలో
నకళ్లు తీయడం నా ఉద్యోగం.
ఎవరి తగాదా అయినా
స్టాంపు వేసి కిటికీలోంచి ఇచ్చేస్తాను.
ఇరవై తొమ్మిదేళ్లలో ఏ కాగితమూ పూర్తిగా చదవలేదు.
చదివితే పని సాగదు.

మొన్న సోమవారం ఒకమ్మాయి అర్జీ పెట్టింది,
కుంచాల సలోమి.
తాత మీద కేసు, దాని తీర్పు కావాలట.
ఇంత పాతది ఎందుకమ్మా అన్నాను.
"మా ఇంట్లో ఆయన్ని దొంగ అని ఎవరూ అనరండీ.
కాదని కూడా అనరు.
ఏం రాశారో చూద్దామని."

తాత పేరు దగ్గర
నా వేళ్లు మండాయి.

తొమ్మిదేళ్లు నాకప్పుడు.
పట్నం బజారు వెనక మునగాల వారి మిర్చి కొట్టు,
అమ్మ పక్కన గోనె మీద కూర్చుని తొడిమలు తీసే పని.
సాయంత్రానికి చేతులు నావి కావు,
పొయ్యిలోంచి తీసి ఎవరో తగిలించినవి.
ఆ రోజు ఏడుస్తుంటే
బస్తాలు మోసే తిరుపాలు
తను తాగాల్సిన మజ్జిగ, సత్తు గిన్నెడు,
నా చేతుల మీద పోశాడు
చుక్క చుక్కగా, ఊదుతూ.
గోడ గడియారం కొడితే నా చేత లెక్కపెట్టించాడు:
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
ఆ నాలుగింటికే గల్లాలో డబ్బు సంచి పోయింది.

పోలీసులు పేరు తర్వాత అడిగారు,
ముందు ఏ ఊరన్నారు.
సెటిల్‌మెంటు, అన్నాడు.
కొట్టంతా ఒక్కసారి తలూపింది
కాటాలో ఆఖరి రాయి పడ్డట్టు.

బోనులో నా తల కనపడలేదని
బంట్రోతు ముక్కాలిపీట తెచ్చాడు.
ప్రమాణమంటే తెలుసా పాపా, అన్నారు జడ్జిగారు.
అబద్ధమాడితే నాయనమ్మ మిరపకాయ పొగ పెడుతుందండీ, అన్నాను.
అందరూ నవ్వారు. తిరుపాలు కూడా.
బేడీలున్న మనిషి నవ్వితే
బేడీలు చప్పుడవుతాయని అప్పుడు తెలిసింది.

మజ్జిగ సంగతి చెప్పాను.
నాలుగు గంటలూ వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను.
"వాడు ముట్టుకుంటే మీ అమ్మ ఊరుకుందా?"
అన్నాడు నల్లకోటాయన.
దానికి జవాబు నాకు రాలేదు.
బడి బీరువాలోని కథల్లో
చిన్నపిల్ల నోరు విప్పితే రాజు సింహాసనం దిగేవాడు.
ఇక్కడ జడ్జిగారు పెన్ను మూత పెట్టి
ఫ్యాను వైపు చూశారు.

రెండేళ్లు వేశారు.
సంచి ఎవరు తీశారో నాకు ఇప్పటికీ తెలియదు.
ఎవరు తీయలేదో తెలుసు.

ఈసారి చదివాను, పదకొండు పేజీలు,
తలుపు గడియ పెట్టుకుని.
నా గురించి రెండే వాక్యాలు.
"సాక్షి మైనరు బాలిక, కండ్లు ఎర్రబడి ఏడ్చుచున్నది.
ఎవరో నేర్పి, భయపెట్టి తెచ్చినట్లు తోచుచున్నది."

అయ్యా,
కూలి పోతుందని ఆ పొద్దున కూడా
రెండు గంటలు తొడిమలు తీసే వచ్చాను.
మీ ముందు నిలబడి కళ్లు నలుపుకున్నాను.
అది మిరపకాయ.
గుంటూరులో కూర్చుని
ఆ మాత్రం తెలియలేదా మీకు?

పేజీ పేజీకీ స్టాంపు వేశాను:
అసలుకు సరియైన నకలు.
అసలు సరియైనదా అని అడిగే స్టాంపు
ఈ ఆఫీసులో లేదు.
అంచులో ఒక్క అక్షరం రాసినా
నా పింఛను పోతుంది. తెలుసు.
పెన్ను చాలాసేపు చేతిలోనే ఉంది.

సలోమి కిటికీ అవతల నిలబడే చదువుకుంది.
ఏడో పేజీ దగ్గర ఆగి,
"ఒక్కళ్లు మాట్లాడారండీ తాత తరఫున,
ఎవరో పాప. ఉందో లేదో" అంది.

ఆ కిటికీ కన్నంలో కాగితాలు పడతాయి,
మనిషి పట్టదు.
లేచి తలుపు తీశాను.
లోపలికి రమ్మన్నాను.
ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.
నా క్యారియరు గిన్నెలో మజ్జిగ ఉంది.
తాగుతావా, అన్నాను.