ఉన్నది ఉన్నచోట

గుంతకల్లు రైలుకట్ట అవతల
జొన్న కోసేసిన నల్లరేగడి చేలో
నూట పన్నెండు మిలిటరీ లారీలు.
అన్నీ ఒకే దిక్కుకు మొగం పెట్టుకోని,
కదలొద్దని చెప్పి పోయినోడు
మళ్లీ రావడం మర్సిపోయినట్టు.

యుద్ధమైపోయి ఏడాది.
బానెట్ల మింద సున్నంతో నెంబర్లు.
తుమ్మచెట్టు కింద మేజా వేసుకోని
గుమాస్తా షరతులు సదివె:
ఉన్నది, ఉన్నచోట, ఉన్నట్టుగా.
చూడొచ్చు. తట్టొచ్చు. స్టార్టు చేయకూడదు.
కొన్నాక నోరెత్తకూడదు.

మా నాయన చిన్న దస్తగిరి
అంతవరకూ ఎద్దుల్నే కొన్న మనిషి.
పండ్లు చూద్దామంటే నోరు యాడుందో తెలీక
రేడియేటరు ముందర నిలబడిపాయ.

అందుకే సుంకన్నను పిల్చకపోయినాడు.
బర్మా దోవలో ఇట్లాంటివే తోలి
కుడిచెవి ఆడ్నే ఇడిచిపెట్టొచ్చిన మనిషి.
ఆయప్ప బానెట్టెత్తలే.
ఒక్కో బండి పక్కన గొంతుక్కూచ్చోని
కింద మట్టి పిడికిట్లోకి తీసుకోని వాసన చూసె.
మెరిసేటివన్నీ దాటి
డెబ్బై మూడో నెంబరు కాడ ఆగె.
"ఇది పని చేసింది నాయనా.
కడమవి పెరేడు చేసినాయి."

ఫారం నింపింది మా అక్క మాబున్ని, ఐదో తరగతి.
పదహైదు నూర్ల పదిహేడు రూపాయలు.
పదహైదు నూర్లు ఇంట్లో ఉండేదంతా,
పదిహేడు మా అవ్వ కడెం.
లక్క కరిగించి కవరు మూసినాక
ఆ అంకె ఎవురూ పైకనలే.
పదిహేడు దాకా లెక్కబెట్టాల్సొస్తే
నేను పదహారు కాడ ఆగిపోతాంటి.

కవర్లు చించిన దినం తెలిసింది,
ఆదోని మిల్లు సేటు రాసింది పదహైదు నూర్ల పదహైదు.
రెండు రూపాయలకు గెలిచితిమి.

ఇంటికొచ్చినాక గదా చూసింది,
స్టీరింగు ఎడమపక్క!
"తెలుసు," అనె సుంకన్న. "మీరు అడగలే."
ముందర పోయే బండిని దాటాలంటే
ఎదురుగా ఏమొస్తాందో ఆయప్పకు కనపడదు.
కుడిపక్క కూచ్చున్న నాకు కనపడతాది.
నేనరిస్తే ఆయప్పకు వినపడదు.

అందుకని ఒక తాడు.
ఒక కొస ఆయప్ప మోచేతికి, ఒక కొస నా గుప్పిట్లో.
ఒకసారి లాగితే దాటు.
రెండుసార్లు లాగితే ఆగు.
తొమ్మిదేండ్ల చేతిలో
అరవై మూటల శెనక్కాయ, మింద ఆరుమంది కూలోళ్లు.

నీలం రంగు పూయించినాడు మా నాయన,
ఎనక చిలకను రాయించినాడు.
ప్రతి ఎండాకాలమూ నీలం పెచ్చులూడి
చిలక రెక్క కింద నుంచి
మిలిటరీ పచ్చ బయటపడేది.
సుంకన్న దాన్ని గోటితో ఇంకొంచెం గీకి
ఏమీ అనకుండా పోయి సీట్లో కూచ్చునేది.

శానా ఏండ్లకు రేకుపెట్టెలో
రెండు కాగితాలు దొరికినాయి నాకు.
లారీది: కుడి అద్దం లేదు, మిగతా నడుచును.
సుంకన్నది: కుడి చెవి వినదు, మిగతా ఆరోగ్యము.
ఒకే ఊదారంగు సిరా, ఒకే గుండ్రటి ముద్ర.
ధర ఒకదానికే రాసినారు.

నాకు గుర్తుండేది మాత్రం ఇంకొకటి.
పామిడి దాటి గుత్తికి వస్తాన్న రాత్రి,
ముందర ఎద్దులబండ్ల వరస, కింద ఊగే లాంతర్లు.
నాకు కన్నంటుకుపాయ.
తాడు వదులైతే ఏం చేయాల్నో
మేం ముందు అనుకోలే.

మెలకువొచ్చేతలికి తెల్లారుతాంది.
లారీ రోడ్డు పక్కన.
బండ్లన్నీ ఎప్పుడో ఎల్లిపోయినాయి.
సుంకన్న స్టీరింగు ముందర అట్లే కూచ్చోని,
తాడు కదలకుండా
మోచెయ్యి గాల్లో పట్టుకోని ఉన్నాడు.

"యాల లేపలే?" అని సైగ చేసి అడిగితి.

"నువ్వు లాగలే గదా," అనె.