జానెడు వంకర

నాకు చదువు రాదు.
సంతకమంటె బొటనవేలు సాపుత.
అయినా జడ్చర్ల కాన్నుంచి మిడ్జిల్ దాటిందాక
నేను రాసిందే ఉన్నది సడక్ మీద,
తెల్లగ, రెండు దిక్కుల.

డ్రమ్ముల రంగు కుతకుత ఉడికేది.
సుతిలి గుంజి, సుద్ద కొట్టి,
ఎనకకు ఎనకకు నడుసుకుంట బండి గుంజేటోణ్ణి.
తడి ఆరకముందే ఉసేనమ్మ గాజురవ్వ చల్లేది,
పెనం మీది జొన్నరొట్టెకు తడి అద్దినట్టు.
రాత్రి లైటు పడితె
గీత కండ్లు తెరుస్తది.

మొన్న ఒక కారొచ్చింది.
నెత్తిన బుడ్డి, గిరగిర తిరుగుతది.
లోపట ఇద్దరు. ఒక్కరి చెయ్యీ స్టీరింగు మీద లేదు.
అది తనంతల తానె తిరుగుతుంటె
నా చెల్లె కొడుకు బాలపీరు, తుఫాన్ తోలెటోడు,
చాయ్ గిలాస పట్టుకొని గట్లనే నిలవడ్డడు.
"మామా, గిది నిద్రపోదు. జీతమడగదు.
బత్తా గిట్ట అసలే అడగదు."
ఆ తర్వాత శానసేపు ఏమీ అనలే.
చాయ్ మీద మీగడ కట్టింది.

నాకైతె సంబురమైంది, సిగ్గిడిచి చెప్తున్న.
అది నా గీతను చదువుకుంట వస్తున్నదట.
ల్యాప్‌టాప్ పట్టుకున్న పిల్ల చెప్పింది, తహసీన్ ఆమె పేరు.
"ఒక్కటే సమజ్ కాలే పెద్దయ్యా.
గా నలభై ఒకటో రాయి కాడ
ఎన్నిసార్లు పోయినా జానెడు పక్కకు జరుగుతది.
గుంత లేదు, మలుపు లేదు."
తెర మీద చూపిచ్చింది.
వరుసగ చుక్కలు, నడుమ
ఎర్రగ ఒక గాటు.

నలభై ఒకటో రాయి.

రోహిణికార్తె. చెప్పు తెగితె
కాలు ఆనేటట్టు లేదు.
గీత పడాల్సిన తావు పక్కనే
కంకరల కంకర రంగు గుడ్లు, నాలుగు.
తీతువు నెత్తి మీద తిరుగుడు, ఒర్రుడు,
నా రుమాలు మీదికి దుంకుడు.
"ఇది ఒర్రితె మనకు కీడంటరు గద," అన్న.
ఉసేనమ్మ గాజురవ్వ గంప కింద పెట్టి
"మనమొస్తె దానికి కీడని ఎవలన్న అన్నరా?" అన్నది.

రంగు సెగకు గుడ్లు ఉడికిపోతయి.
సుతిలి జానెడు జరిపిన.

కాంట్రాక్టరు మోటరుసైకిల్ దిగకుంటనే చూసిండు.
ఇద్దరికీ సగం దినం కూలి కోసిండు.
పిల్లలైనయా, పాము తిన్నదా, నాకెర్కలేదు.
తెల్లారి మమ్ముల వేరే సడక్‌కు తోలిండ్రు.

"ఒక్క బండి నేరిస్తె అన్నిటికీ తెలుస్తది," అంటున్నది తహసీన్.
తీగె అక్కర్లేదట. గాలిల పోతదట మాట.
అంటె నేను చూడని ఊర్ల, నేనెక్కని బండికి గూడ
గీ రాయి కాడ జెర పైలమని
చెప్పి పెట్టి ఉన్నదా?
బండ్లన్నీ ఒకదానితోనొకటి మాట్లాడుకుంటయి.
ఉసేనమ్మ పుణె పోయి ఆరేండ్లు,
నాతాన నంబరు లేదు.

చెప్పాల్నా వద్దా అని
ఒక బీడీ ఒడిసేదాక చూసిన.
చెప్తె చెరుపుతరు.
సక్కటి గీత గీస్తరు కొత్తగ,
దాన్ని గీసెటోడు గూడ మనిషో కాదో.

"ఏమో బిడ్డా," అన్న,
"గీసినోడు తాగి ఉంటడు."
నవ్వింది. రాసుకున్నది.
బాలపీరు నా దిక్కు చూసిండు.
కల్లు గూడ ముట్టనని వానికెర్క.

పొద్దు గుంకింది.
కారు కదిలితె సప్పుడే లేదు.
వాడు గిలాస పారబోసి వచ్చి నా పక్కన నిలవడ్డడు.
ఎనక లైట్లు రెండు, ఎర్రగ,
రాయి దాక పోయినయి,
జెరంత పక్కకు ఒరిగినయి,
మళ్ల సక్కగైనయి.

"ఏముండె మామా ఆడ?" అన్నడు.